ఊట పక్కన పాతిన బోర్డు

మా సంఘానికి ఇరవై ఏళ్లు నిండాయని ఒక పుస్తకం వేస్తున్నారు. కొండవాలును మళ్లీ పచ్చగా చేసినవాళ్ల గురించి తలా నాలుగు పేజీలు. కందకాలు తవ్వినవాళ్ల గురించి, నర్సరీ పెంచిన ఆడవాళ్ల గురించి రాయడానికి ఎవరెవరో ముందుకొచ్చారు. మా బావ పేరు వచ్చేసరికి అందరూ నావైపు తిరిగారు. స్వయానా అక్క మొగుడు, నీకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది అన్నారు. అదీ నిజమే. అంత తెలుసు కాబట్టే ఇన్నేళ్లూ నోరు విప్పలేదు.

ఊళ్లో ఆయన్ని గుంత బావ అంటారు. చిన్నవాళ్లకైతే గుంత మామ. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్లు ఆ పేరెందుకొచ్చిందని అడిగితే ఎవరో ఒకరు నవ్వుతూ కథంతా చెబుతారు. తమకు తెలిసినంతలో సరిగ్గానే చెబుతారు. కాకపోతే ఆ కథలో ఒక మనిషి తక్కువ. ఆ మనిషిని నేనే. ఈ నాలుగు పేజీల్లో నన్ను కూడా చేర్చాలి, లేకపోతే ఇది రాయడం దండగ.

గుంతకు ముందు ఆయన ఒట్టి బోర్డుల బావ. పెళ్లికి ముందు కింద పట్నంలో ఒక బోర్డుల కొట్లో తొమ్మిదేళ్లు పనిచేశాడు. సుద్ద పట్టించిన దారాన్ని రేకు మీద బిగబట్టి టప్పున వదిలితే గీత పడేది. ఆ గీత మీద అక్షరాలను ఒక్కొక్కటిగా కూర్చోబెట్టేవాడు. రాసేటప్పుడు నాలుక కొస బయటికొచ్చేది, ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. రాయడం అయ్యాక పది అడుగులు వెనక్కి నడిచి, ఒక కన్ను మూసుకుని చూసేవాడు. ఒకసారి అలా వెనక్కి నడుస్తూ మురుగుకాలవలో పడ్డాడు. లేచి, ఒళ్లు కూడా తుడుచుకోకుండా, మూడో అక్షరం కిందికి జారిందన్నాడట. మా అక్కను చూసుకోవడానికి వచ్చినప్పుడు కూడా మా ఎదురింటి గోడ మీదున్న ఎన్నికల రాత వంకే చూస్తూ కూర్చున్నాడు. పిల్ల నచ్చిందా అని అడిగితే, పిల్ల బాగుంది, ఆ రాత రాసినవాడి చేతులు విరగ్గొట్టాలి అన్నాడు. మా నాన్న పడిపడి నవ్వి సంబంధం ఖాయం చేశాడు.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. గంటలో అచ్చయిపోతుంటే నాలుగు రోజులు పట్టే రాత ఎవరికి కావాలి? కొట్టు మూతపడింది. బావ కొండ మీదికొచ్చి మాతోపాటు కూలికి వెళ్లాడు. బ్రష్షులు మాత్రం వారానికోసారి టర్పెంటైన్‌లో కడిగి, వేళ్లతో కుచ్చు సవరించి, రేకు డబ్బాలో పెట్టుకునేవాడు. ఆ వాసనకు అక్క రోజంతా సణిగేది. వాడని బ్రష్షులు కడగడమెందుకని నేను కూడా ఎగతాళి చేసేవాణ్ని.

ఇక మా నేల సంగతి. మా కొండవాళ్లకు ఉన్న వాలులో మేలైన సగాన్ని క్వారీ తినేసింది. లీజు తీరి వాళ్లు వెళ్లాక తెల్లటి రాళ్లు, కంకర మిగిలాయి. వాన పడితే ఆ కంకరంతా చేలల్లోకి దిగేది. అలాంటి రోజుల్లో, కొండజాతుల వాళ్లు తమ నేలను తామే బాగుచేసుకుంటామంటే డబ్బిచ్చే నిధి ఒకటుందని సంఘానికి కబురొచ్చింది. వాలుకు అడ్డంగా కందకాలు తవ్వి వాననీటిని నేలలోకి ఇంకించాలి. గట్ల మీద గడ్డి, మొక్కలు పెంచాలి. ఊటనీళ్లను గొట్టంతో తొట్టికి, అక్కణ్నుంచి ఇళ్లకు తెచ్చుకోవాలి. పనంతా మాదే, కూలి మాకే. వినడానికి బాగానే ఉంది. కానీ అంతకుముందు రెండు పథకాలు వచ్చి, ఫొటోలు దిగి, అయిపూ అజా లేకుండా పోయాయి. పైగా మళ్లీ లీజుకిస్తే ఇంటికింతని ముట్టజెబుతానని క్వారీ మేనేజరు కబుర్లు పంపుతున్నాడు. చాలామంది అటే మొగ్గారు.

వాళ్లను ఇటు తిప్పింది మా పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క. ఊట బాగోగులన్నీ ఆమెవే. వారానికోసారి వెళ్లి, నీళ్లు పుట్టే చోట పడిన ఆకులు, మట్టి తీసేది. ఆ చోటును మేం ఊటకన్ను అంటాం. చేతులతోనే తీసేది, మరీ అవసరమైతే ఒక కర్రముక్క. ఊటకంటి చుట్టూ ఇరవై అడుగుల్లో ఇనుము దించనిచ్చేది కాదు. ఇందులో దేవుడూ దయ్యమూ ఏమీ లేదు. కింద జిగటమన్ను పొర ఒకటుంది, నీళ్లు దాని మీద నిలిచే బయటికొస్తున్నాయి, చెయ్యి ఆ మన్ను తగలగానే ఆగుతుంది, ఇనుము ఆగదు అని చెప్పేది. ఆమె ఇంటింటికీ తిరిగి, ఈ ఒక్కసారి నా మాట మీద ఒప్పుకోండి, చెడితే నన్నడగండి అని అందరినీ ఒప్పించింది. మొదటి ఏడాది కంకర చేలల్లోకి దిగలేదు. మొక్కల్లో పదింట ఎనిమిది బతికాయి. పెద్దమ్మ ఎవరితోనూ చూశారా అనలేదు. అనకపోవడమే ఆమె గొప్ప.

నిధి వాళ్లకు ఒక నియమం ఉంది. రెండో విడత డబ్బు రావాలంటే పని జరిగిన చోట బోర్డు పాతాలి, పనీ బోర్డూ ఒకే ఫొటోలో పడాలి. ఫ్లెక్సీ పనికిరాదు, ఎండకు వెలిసిపోతుంది. ఇనుపరేకు మీద ఎనామిల్ పెయింటుతో రాయించాలి. సంఘం గదిలో ఆ కాగితం చదివి వినిపించగానే బావ లేచి ఇంటికెళ్లి బ్రష్షుల డబ్బా చంకలో పెట్టుకుని వచ్చాడు. ఎనిమిదడుగుల రేకు మీద నాలుగు రోజులు రాశాడు. అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. అంత అందమైన రాత నేను మళ్లీ చూడలేదు. నిధి పేరు ముదురు నీలం, మా కొండవాళ్ల పేరు ఎరుపు, అంచున సన్నటి ఆకుపచ్చ తీగ. చూడ్డానికొచ్చిన ఆడవాళ్లు తడి రంగును ముట్టుకోబోతే కోడిపిల్లల్ని తోలినట్టు తోలేవాడు.

బోర్డును తొట్టి పక్కన పాతమని పెద్దమ్మ చెప్పింది. బావ సరేనన్నాడు. తీరా నిలబెట్టి చూస్తే ఫొటోలో తొట్టి తప్ప ఏమీ పడటం లేదు. ఊట, కందకాలు, మొక్కలు అన్నీ బోర్డుతో కలిసి పడేది ఒక్క చోటే, ఊటకంటికి నాలుగడుగులు పైన. ఆయన పది అడుగులు వెనక్కి నడిచి, ఒక కన్ను మూసుకుని చూసి, ఇక్కడే అన్నాడు. పెద్దమ్మ ఆ పొద్దున నర్సరీలో ఉంది. ఆయన ఊరి అల్లుడు, ఆ ఇరవై అడుగుల సంగతి మర్చిపోయి ఉండొచ్చు. నేను ఆ ఊట నీళ్లు తాగి పెరిగినవాణ్ని. గుర్తుచేయాల్సింది నేనే. కానీ రేకు మోసుకొచ్చి భుజాలు పడిపోయాయి, దాన్ని మళ్లీ కిందికి మోసే ఓపిక లేదు. అంతకుమించి కారణమేదీ లేదు. ఉంటే బాగుండేది.

గుంతలు తవ్వింది నేను. బావ కొలతలు చెబుతూ, రేకు మీద గీతలు పడకుండా గోనెసంచి చుడుతూ కూర్చున్నాడు. నాది ఎడమచేతివాటం. ఇంట్లో ఎడమోడు అనే పిలిచేవాళ్లు, కొడవలి పట్టుకుంటే నా పక్క వరసలో నిలబడేవాళ్లు కాదు. మోకాలి లోతు చాలని కాగితంలో ఉంది. గాలికి ఒరిగిపోకూడదని బావ నడుము లోతు కావాలన్నాడు. మొదటి గుంత బాగానే వచ్చింది. రెండోదాంట్లో నడుము లోతుకు చేరుతుండగా బూడిదరంగు జిగటమన్ను తగిలింది. పక్కనుంచి నీళ్లు చెమర్చి గుంతలో జానెడు నిలిచాయి. పెద్దమ్మ చెప్పిన పొర అదేనని నాకు తెలుసు. ఇంకో రెండు పోట్లు పొడిచాను. మూడో పోటుకు కింద ఏమీ లేనట్టు గునపం జారిపోయింది. పైకి లాగితే ఆ నిలిచిన నీళ్లు గుటక వేసినట్టు చప్పుడు చేస్తూ దిగిపోయాయి.

బావ వంగి చూశాడు.

"ఏంట్రా ఆ చప్పుడు?"

"ఏం లేదు బావా. పీత బొక్క అయ్యుంటుంది. కాంక్రీటు పోసేద్దాం పద."

పోసేశాం. ఫొటో వెళ్లింది. ఇంత చక్కటి ఫొటో ఇంతవరకు ఏ కొండ నుంచీ రాలేదని నిధి పనులు చూసే మేడం ఫోన్ చేసి మరీ చెప్పింది. బావ మూడు రోజులు నేల మీద నడవలేదు. బోర్డును అక్కడ చూసి పెద్దమ్మ మొహం చిట్లించింది, కాగితంలో ఉన్న మోకాలి లోతే కదా అనుకుని ఊరుకుంది.

ఎనిమిదో రోజుకు ధార సన్నబడింది. పన్నెండో రోజుకు ఊటకన్ను ఆరిపోయింది.

ఆడవాళ్లు బిందెలెత్తుకుని కింది వాగుకు నడిచారు. పోనూ రానూ గంటన్నర. మా పెద్దమ్మకు అరవై దాటాయి, ఆమె కూడా నడిచింది. వానలు తక్కువ పడ్డాయని నిధి ఇంజనీరు ఫోన్‌లోనే తేల్చేశాడు. మావాళ్లు ఒప్పుకోలేదు. ఎన్ని ఎండాకాలాలు వచ్చినా ఆరని ఊట, కందకాలు తవ్వాకే ఎందుకారింది? నీళ్లన్నీ మొక్కలే తాగేశాయి. ఈ మాట ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకి వారంలో నిజమైపోయింది. ఒక వరస మొక్కలు ఎవరో పీకేశారు. ఒప్పించింది ఆమే కదా అని పెద్దమ్మ ఎదురైతే మొహం తిప్పుకున్నారు. ఆమె బిందె తలమీద పెట్టుకుని తన దారిన తాను పోయేది. నేను ఎదురుపడితే ఆగి, తిన్నావా అని అడిగేది. తేలు కుట్టిన దొంగలా తలాడించి తప్పుకునేవాణ్ని.

ఈ మధ్యలో బావ నన్ను రెండుసార్లు అడిగాడు, ఆ గుంత వల్ల కాదు కదా అని. మొదటిసారి కాదన్నాను. రెండోసారి కసురుకున్నాను.

క్వారీ మేనేజరు ఈ గొడవ పసిగట్టి లీజు కాగితాలే పంపించాడు. నిధిని వద్దని, వాలును మళ్లీ క్వారీకి ఇచ్చేయాలా అని తేల్చడానికి ఒక మధ్యాహ్నం సంఘం గదిలో అందరూ కూర్చున్నారు. చేతులెత్తితే చాలు, వాలు పోతుంది. ముందు పెద్దమ్మను లేపారు. ఒకాయన అడగకూడని మాటలే అడిగాడు, క్వారీ మీద కోపంతో ఊరి గొంతు తడారబెట్టావని కూడా అన్నాడు. 

"నా మాట మీద ఒప్పుకున్నారు. తప్పు నాదే అంటే నాదే. మొక్కల్ని మాత్రం పీకకండి" అంది పెద్దమ్మ.

అప్పుడు గుమ్మం దగ్గర నిలబడి ఉన్న బావ లోపలికొచ్చాడు. ఆయన గోళ్ల చుట్టూ నీలం రంగు ఇంకా పోలేదు. నలుగురిలో మాట్లాడే అలవాటు లేని మనిషి, గోడ వంక చూస్తూ చెప్పాడు.

"మొక్కల తప్పు లేదు, అత్త తప్పు లేదు. ఊటకంటి పైన జిగటమన్ను దాకా గుంత తవ్వింది నేనే. నీళ్లు కిందికి దిగిపోవడం నా కళ్లారా చూశాను. చూసి కూడా కాంక్రీటు పోశాను."

 నేను రెండో వరసలో కూర్చుని ఉన్నాను. బావ ఒక్క క్షణం నావైపు చూశాడు. నేను నా ఎడమచేతిని తొడకింద పెట్టుకుని చాప అంచు చూస్తూ కూర్చున్నాను. లేవడానికి ఎంతసేపు పడుతుంది? రెండు మోకాళ్లు చాపడమే. లేవలేదు.

తర్వాత తిట్లు మొదలయ్యాయి. ఒకాయన చెయ్యి కూడా లేపాడు. ఇంతలో వెనకనుంచి ఎవరో, గుంత బావా, ఇది కూడా బోర్డు మీద రాయి అన్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు గదంతా పాకింది. నవ్వాక కోపం దిగింది, లీజు కాగితాలు వచ్చిన దారినే పోయాయి. వాలు దక్కింది, పెద్దమ్మ పరువు దక్కింది. ఆ పేరు మాత్రం మా బావకు అతుక్కుపోయింది. అది న్యాయంగా నాది.

నిధి మేడం వచ్చినప్పుడు కూడా ఆయన అదే చెప్పాడు. విచారణ అని రెండో విడత మూడు నెలలు ఆపారు. నర్సరీ ఆడవాళ్లకు ఆ మూడు నెలలు కూలి లేదు, వాళ్లలో మా అక్క ఒకతె. ఆమె బావతో మాట్లాడటం మానేసింది. ఒకరోజు నన్ను పెరట్లోకి పిలిచి, నువ్వు కూడా సాయానికి వెళ్లావు కదరా, కనీసం నువ్వైనా ఆపలేకపోయావా అని అడిగింది. సిమెంటు కలపడానికి వెళ్లాను, తవ్వేటప్పుడు నేను లేను అన్నాను. అక్క నమ్మింది. నమ్మి, కొంగుతో కళ్లు తుడుచుకుని, నాకు మంచినీళ్లు తెచ్చిచ్చింది. వాగు నుంచి ఆమె మోసుకొచ్చిన నీళ్లు. తాగాను.

గుంత పూడ్చే పని పెద్దమ్మ దగ్గరుండి చేయించింది. కాంక్రీటు దిమ్మకు తాళ్లు కట్టి పదిమంది లాగితే బయటికొచ్చింది. వాగు ఒడ్డు నుంచి జిగటమన్ను తెచ్చి, ఒకరోజు నానబెట్టి, కాళ్లతో తొక్కి ముద్దలు చేశాం. ఇనుము ముట్టుకోకూడదు, ముద్ద మీద ముద్ద చేత్తోనే అదమాలి. మొదలుపెట్టే ముందు పెద్దమ్మ గుంత ఒడ్డున కూర్చుని లోపలి గోడ చూసింది. తడిమన్ను మీద గునపం పోట్లన్నీ అలాగే ఉన్నాయి, అన్నీ ఎడమవైపు నుంచి కుడికి ఏటవాలుగా. ఒక పోటు వెంట వేలు నడిపింది. మా బావ కుడిచేత్తో రాస్తాడని ఊళ్లో తెలియనివాళ్లు లేరు.

ఆమె తల ఎత్తి బావను చూసింది, నన్ను చూసింది. మొదటి ముద్ద తీసుకుని నాకు అందించింది. అలవాటుగా కాదు, కావాలనే నా కుడిచేతిని పక్కకు జరిపి, ఎడమచేతిలో పెట్టింది. నా వేళ్లను దాని చుట్టూ తానే మూసింది. నలుగురిలో నాలుగు తిట్టి ఉంటే నేను ఏడ్చి బయటపడేవాణ్ని. ఆమె ఆ తర్వాత ఆరేళ్లు బతికింది. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు, నేను ఎత్తుతానని ఎదురుచూసిందో లేదో తెలియదు. కానీ తిన్నావా అని మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

పదిహేడు రోజులకు ఊటకన్ను చెమర్చింది. ఆ వానాకాలం చివరికి ధార కట్టింది. పాత ధార మాత్రం రాలేదు. అప్పట్లో పూటలో నిండే తొట్టి ఇప్పటికీ రోజంతా పడుతుంది. రెండో విడత వచ్చింది, మూడోదీ వచ్చింది, ఇప్పుడు ఆ వాలు మీద నీడలో నడవొచ్చు. బోర్డు సంఘం గది గోడకు వేలాడుతోంది. నీలం కొంచెం కూడా వెలిసిపోలేదు. ఆ తర్వాత బావ ఇంకో బోర్డు రాయలేదు. అడిగినవాళ్లకు చూపు తగ్గిందని చెప్పేవాడు, అప్పటికింకా ఆయనకు నలభై నాలుగేళ్లే.

ఇదంతా రాసి, అచ్చుకిచ్చేముందు మొన్న పొద్దున బావ ఇంటికి వెళ్లాను. ఇప్పుడు నిజంగానే చూపు తగ్గింది. అరుగు మీద కూర్చుని బ్రష్షులు కడుగుతున్నాడు. నేను చదువుతున్నంతసేపూ ఆపకుండా కడిగాడు. అక్క లోపల గుమ్మం పక్కన నిలబడి విన్నది, సిమెంటు మాట దగ్గర వంటింట్లోకి వెళ్లిపోయింది. మళ్లీ బయటికి రాలేదు.

చదవడం అయ్యాక అడిగాను, ఆరోజు నా పేరు ఎందుకు చెప్పలేదని. దానికి బావ, చోటు చూపించింది నేను, నడుము లోతు కావాలంది నేను, గునపం ఎవరి చేతిలో ఉంటే ఏముంది అన్నాడు. నువ్వు లేస్తావేమోనని మాత్రం చూశాను అన్నాడు. అందులో నిష్ఠూరమేమీ లేదు. కుచ్చు వేళ్లతో సవరించి బ్రష్షును డబ్బాలో పెట్టాడు.

"ఊరంతా గుంత బావ అంటే నాకేం అనిపించలేదురా. వాళ్లకేం తెలుసు. నువ్వు కూడా అలాగే పిలిచావు."

నిజమే. పిలవకపోతే అనుమానం వస్తుందని, ఆ మీటింగు అయిన నెలకే, టీ కొట్టు దగ్గర పదిమందిలో, అందరికంటే గట్టిగా నవ్వుతూ పిలిచాను. ఇన్నేళ్లుగా అలాగే పిలుస్తున్నాను. ఆయనకు చదివి వినిపించిన కాగితాల్లో ఆ మాట లేదు. మర్చిపోయానని చెప్పలేను. రాయలేదు, అంతే.